లారీ ఎక్కని టమాట



తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరూ వేయకుండానే మొలిచే కూరగాయ మొక్క ఏదైనా ఉందంటే అది టమాటే. అంట్లు తోమిన నీళ్లు పారే కాలవ పక్కన, చెత్త పోసే గుంట గట్టున, కరివేపాకు చెట్టు మొదట్లో, ఎక్కడ తడి దొరికితే అక్కడ లేస్తుంది. చారు కోసం పిసికిన పండు తొక్కతో పాటు జారిపోయిన గింజ అది. ఇంటావిడ పీకబోయి, ఆకు నలిపి వాసన చూసి, సరే ఉండనీ అని వదిలేస్తుంది. రెండు మూడు నెలలకు అది గోడ మీదికి ఒరిగి గుత్తులు గుత్తులుగా కాయలు వేస్తుంది. ఎరువు లేదు, కర్ర ఊతం లేదు, మందు లేదు. అదే ఇంట్లో ఎవరైనా విత్తనాల పాకెట్ కొని తెచ్చి, కొత్త కుండీల్లో శ్రద్ధగా పోస్తే మాత్రం నారు కుళ్లుతుంది, ఆకు ముడుచుకుంటుంది, పూత రాలిపోతుంది.

ఇందులో మాయేమీ లేదు. కాలవ పక్కన మొలిచినవి చాలా ఉంటాయి. చచ్చినవి ఎవరి కంటా పడవు, బతికి బట్టకట్టినదే కనబడుతుంది. పైగా ఆ మొక్క తన కాలం చూసుకుని మొలిచింది. పాకెట్ తెచ్చినాయన తనకు తీరికైనప్పుడు విత్తాడు. పెరటి టమాటలో గెలుపోటములు ముందు తేలేది ఇక్కడే, కేలండర్ దగ్గర.

టమాట పుట్టిల్లు దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల పడమటి వైపు. మెక్సికోలో మచ్చికై, స్పెయిన్ వాళ్ల ఓడల్లో ఐరోపా చేరి, పోర్చుగీసు వాళ్ల వెంట మన దేశానికి వచ్చింది. ఇన్ని సముద్రాలు దాటినా ఎండ విషయంలో దాని పట్టింపు పోలేదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటినా, రాత్రి వేడి 24 డిగ్రీల కిందకు దిగకపోయినా పుప్పొడి చెడిపోతుంది. పిందె కట్టకుండానే పువ్వు కాడ కణుపు దగ్గర విరిగి రాలిపోతుంది. విజయవాడలోనో రామగుండంలోనో ఏప్రిల్ నెలలో మిద్దె మీద టమాట మొక్క నిండా పూసి, ఒక్క కాయా నిలవకపోతే, మొక్కకు జబ్బు చేసిందని మందులు కొట్టి ప్రయోజనం లేదు. మదనపల్లెలో వేసవిలోనూ టమాట పండుతోందంటే దానికి ఓ కారణం, ఆ ఊరు సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండడం. అక్కడ రాత్రులు చల్లబడతాయి.

మైదానంలో ఉన్నవాళ్లకు పండగలే గుర్తు. వినాయక చవితి నాటికి విత్తనం పోసి, దసరా నాటికి నారు కుండీల్లోకి మారిస్తే, చలి ముదిరే వేళకు మొక్క పూతకొస్తుంది. మార్గశిరంలో మొదటి పళ్లు, సంక్రాంతికి బుట్టెడు. ఫిబ్రవరి చివరిదాకా కాపు ఉంటుంది. ఆ తర్వాత ఎండ ముదురుతుంటే మొక్కే తగ్గిపోతుంది.

ధర చూసి తోట మొదలుపెట్టేవాళ్లు వేరే రకం. 2023 జులైలో చాలా ఊళ్లలో కిలో టమాట 150 రూపాయలు దాటింది. ఆ నెలాఖరుకు మదనపల్లె మార్కెట్లోనే 200 దరిదాపులకు పోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మిస్తే జనం బారులు తీరారు. టమాట లేని చారెలా పెట్టాలో చెప్పే వంటల వీడియోలు, టమాటల మీద హాస్యాలు, అన్నీ ఆ నెలలోనే. అప్పుడే ఎంతోమంది విత్తనాలూ కొన్నారు. జులైలో పోసిన గింజ కాయ ఇచ్చేది అక్టోబరులో. సెప్టెంబరు వచ్చేసరికే మార్కెట్లో ధర నేలకు దిగింది, పత్తికొండ వైపు రైతులు సరుకు రోడ్డు పక్కన పారబోసుకున్నారు. ఖర్చు మిగులుతుందని టమాట వేయడం పెరటివాళ్లకు అంతగా కలిసిరాని లెక్క. కుండీ, మట్టి, ఎరువు, కర్రలు కొన్నాక మొదటి ఏడాది కిలో ఎంత పడిందో లెక్క వేయకపోవడమే మేలు.

మరి ఎందుకు వేయాలి? రుచి కోసం. ఆ రుచి వచ్చేది మాత్రం ఎరువులోంచో ప్రేమలోంచో కాదు. పెరటి టమాట లారీ ఎక్కదు, అదీ రహస్యం.

అమ్మకపు టమాట పుట్టుక నుంచీ ప్రయాణానికి తయారయ్యేది. మదనపల్లె నుంచి చెన్నైకో, ఉత్తరాదికో పోయే సరుకును పచ్చిగా ఉండగానో, అప్పుడే రంగు తిరుగుతుండగానో కోస్తారు. ప్లాస్టిక్ ట్రేల్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, రాత్రంతా లారీలో కుదిపి, దించి, మళ్లీ ఎక్కించినా చితకకూడదు. అందుకని తోలు మందంగా, గుజ్జు గట్టిగా, ఆకారం కోలగా ఉన్న రకాలకే గిరాకీ. రుచి గురించి అడిగేవాడు ఆ వరసలో చివరన నిలబడ్డవాడు, అంటే తినేవాడు. అతని మాట మార్కెట్ యార్డు దాకా పోదు. ఇందులో రైతును తప్పుపట్టడానికి ఏమీ లేదు. చితికిన సరుకు నష్టం అతనిదే కదా.

ఇంకో కథ కూడా ఉంది. పాతకాలపు టమాటల పచ్చికాయకు తొడిమ చుట్టూ, భుజాల మీద, ముదురు ఆకుపచ్చ ఉంటుంది. పండినా అక్కడ కాస్త పసుపు మిగులుతుంది. చూడ్డానికి సగం పండినట్టుంటుందని విత్తన శాస్త్రజ్ఞులు కాయ అంతా ఒకే లేతపచ్చ రంగులో ఉండి, ఒకే ఎరుపుకు తిరిగే రకాలను సుమారు డెబ్బై ఏళ్లుగా ఎంచుకుంటూ వచ్చారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో ఆన్ పావెల్ బృందం 2012లో దీని గుట్టు విప్పింది. ఆ భుజాల పచ్చదనం వట్టి రంగు కాదు, కాయ తనంతట తాను ఎండను పట్టి చక్కెర చేసుకునే ఏర్పాటు. ఆ ఏర్పాటును నడిపే జన్యువు పాడైతేనే కాయకు ఆ సమానమైన రంగు వస్తుంది. అందం కోసం ఎంచుకున్నచోట తీపి కొంత పోయింది. మన రైతు బజారులో ‘నాటు టమాట’ అని విడిగా పోసి అమ్మేవి, గీతలు గీతలుగా, భుజాలు పచ్చగా, పుల్లగా ఉండేవి, చారుకు అవే కావాలని పట్టుబట్టే అమ్మమ్మలకు ఈ పరిశోధన చదవాల్సిన పని లేకపోయింది.

కాబట్టి పెరటికి రకం ఎంచుకునేటప్పుడు లారీని మరిచిపోవాలి. మదురైకి పడమట ఉన్న పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1 పొట్టిగా గుబురుగా పెరిగే రకం, కాయ బల్లపరుపుగా, భుజాలు పచ్చగా ఉంటుంది. ఢిల్లీ పరిశోధన సంస్థ వాళ్ల పూసా రూబీ పాత రకమే, తీగలా సాగుతుంది, గీతలున్న కాయ, పులుపు బాగుంటుంది. బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ అర్క వికాస్ ఇచ్చింది. అదే సంస్థ తెచ్చిన అర్క రక్షక్ హైబ్రిడ్, ఆకుముడత వైరస్‌ను, బాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడు తెగులును మూడింటినీ తట్టుకుంటుంది. ఏటా తెగుళ్లతో వేసారిపోయినవాళ్లకు అది మంచిదే, కాకపోతే గట్టి కాయ, గింజ దాచుకోవడానికి పనికిరాదు. పిల్లలున్న ఇంట్లో ఒక చెర్రీ టమాట మొక్క ఉండాలి. దాని కాయలు వంటింటి దాకా రావనుకోండి, అది వేరే సంగతి.

గుబురు రకమా, తీగ రకమా అన్నది ముందే తెలుసుకోవాలి. తీగ రకం పెరుగుతూనే ఉంటుంది, పూస్తూనే ఉంటుంది. గుబురు రకం ఒక ఎత్తుకు వచ్చి చివర పూగుత్తితో ఆగిపోతుంది, కాపంతా దాదాపు ఒకేసారి దిగుతుంది. ఈ ఆగిపోయే గుణం 1914లో అమెరికాలోని ఫ్లోరిడాలో దానంతట అదే పుట్టిన మార్పు. ఆకు పంగలో వచ్చే పక్క పిలకలను గిల్లేయమని ఎవరో చెప్పగా విని, గుబురు రకానికి కూడా గిల్లేస్తే కాపే పోతుంది. గిల్లాల్సింది తీగ రకానికి, అదీ పిలక వేలెడు పొడవు కాకముందే.

నారు పోయడానికి టీ కప్పులు, కొబ్బరి చిప్పలు, ఏవైనా సరే, అడుగున చిల్లు ఉండాలి. గింజ మీద అర సెంటీమీటరు మట్టి చాలు. అయిదు నుంచి ఎనిమిది రోజుల్లో మొలుస్తుంది. అసలు గండం ఆ తర్వాత. ఉదయం నిలబడి ఉన్న మొలక సాయంత్రానికి మొదలు దగ్గర సన్నబడి, తడిసి, పక్కకు వాలిపోతుంది. ఇది నారుకుళ్లు. నీళ్లు ఎక్కువ పోసినవాళ్ల ఇంటికే వస్తుంది. మట్టిలో ట్రైకోడెర్మా విరిడి అనే మేలు చేసే శిలీంధ్రపు పొడి కలిపిన పశువుల ఎరువు కొద్దిగా వేసి, పైమట్టి ఆరాకే నీళ్లు చిలకరిస్తే చాలావరకు తప్పుతుంది. తెల్లదోమ వాలకుండా సన్నకన్ను నైలాన్ వల కప్పితే ఇంకా మంచిది. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది ఆ దోమే. లేతప్రాయంలో వైరస్ తగిలిన మొక్క మళ్లీ కోలుకోదు, మందు లేదు. ఆకులు పైకి దొన్నెల్లా ముడుచుకుని, మొక్క గిడసబారితే పీకి పారేయడమే. జాలిపడి ఉంచితే పక్కవాటికి పాకుతుంది.

పాతిక ముప్ఫయి రోజులకు నాలుగైదు ఆకులొస్తాయి. సాయంత్రం పూట, అడుగు ఆకులు రెండు తుంచేసి, కాండం సగం దాకా మట్టిలో పోయేలా లోతుగా నాటాలి. వంగనారునో మిరపనారునో ఇంత లోతు పెట్టరు. టమాట కాండం మాత్రం మట్టి తగిలినంత మేరా వేళ్లు వేస్తుంది. ముదిరి, సన్నగా, పొడవుగా సాగిపోయిన నారును పడుకోబెట్టి నాటి, కొన మాత్రం పైకి ఉంచినా నిలదొక్కుకుంటుంది.

కుండీ చిన్నదైతే బాధలన్నీ వస్తాయి. 15 అంగుళాల గ్రోబ్యాగ్ గానీ, అడుగున చిల్లులు పెట్టిన 20 లీటర్ల రంగు డబ్బా గానీ ఒక్క మొక్కకు సరిపోతుంది. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొంత కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి. రోజుకు ఆరు గంటల ఎండ పడాలి. ఎరువు మరీ ఎక్కువైతే మొక్క నల్లగా నిగనిగలాడుతూ ఆకులు పెంచుతుంది, పూయదు. చూసినవాళ్లంతా మెచ్చుకుంటారు, పులుసులోకి మాత్రం కాయ ఉండదు. నలుగురున్న ఇంటికి పది పన్నెండు మొక్కలు చాలు.

నీళ్ల దగ్గర ఒక సంగతి చెప్పుకోవాలి. టమాటలో నూటికి 94 పాళ్లు నీరే. రెండు రోజులు మరిచిపోయి, మూడో రోజు బాధపడి బక్కెట్లకు బక్కెట్లు పోస్తే లోపల గుజ్జు ఒక్కసారిగా ఉబ్బి తోలు పగులుతుంది. ఇదే ఒడిదుడుకు వల్ల ఇంకోటి జరుగుతుంది. కాయ అడుగున, పువ్వు రాలిన చోట, ముందు నీళ్లు కారినట్టు ఓ మచ్చ, తర్వాత నల్లగా, అణిగిపోయి, తోలులా గట్టిపడుతుంది. పురుగు కాదు, తెగులూ కాదు. నీటితో పాటు ప్రయాణించే కాల్షియం కాయ కొసదాకా చేరలేదని అర్థం. మిద్దె తోటల వాళ్లు వెంటనే గుడ్డు పెంకులు నలిపి వేస్తారు. పెంకు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఆలోపు కాపు అయిపోతుంది. పైగా మట్టిలో కాల్షియం చాలావరకు ఉండనే ఉంటుంది, దాన్ని మోసే నీరే సరిగా అందడం లేదు. కుండీ మీద ఎండుటాకులో, వరిగడ్డో కప్పి, రోజూ ఒకే వేళ, ఒకే తీరున నీళ్లు పోస్తే తర్వాతి గుత్తి నుంచి ఆ మచ్చ ఆగిపోతుంది. కాయలు రంగు తిరగడం మొదలయ్యాక మొక్క వాడిపోనంత మేర నీళ్లు కొంచెం తగ్గిస్తే తీపి, పులుపు రెండూ చిక్కబడతాయి.

పువ్వును దగ్గరగా చూడాలి. అది తల దించుకుని ఉంటుంది. వెనక్కి మడిచిన పసుపు రేకుల మధ్య కేసరాలన్నీ అతుక్కుని ఒక కోసు గొట్టం అయిపోతాయి, కీలాగ్రం లోపలే ఉంటుంది. పుప్పొడి ఆ గొట్టం లోపలి వైపు రాలాలి. తన పువ్వులోనే తాను ఫలదీకరణం చెందుతుంది గనక ఇంకో మొక్క అక్కర్లేదు, కదలిక మాత్రం కావాలి. పొలంలో ఆ పని గాలి చేస్తుంది, నల్ల తుమ్మెద చేస్తుంది. తుమ్మెద పువ్వును పట్టుకుని, రెక్కలు కదపకుండానే ఒంటి కండరాలను ఝుమ్మనిపిస్తే ఆ అదురుకు పుప్పొడి జారుతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. నగరంలో అయిదో అంతస్తు బాల్కనీలో గాలీ, తుమ్మెదా రెండూ రావు. పొద్దున తొమ్మిది, పదకొండు మధ్య పూగుత్తి వెనక కాడ మీద వేలితో రెండు మూడు సార్లు మీటితే సరిపోతుంది. కొందరు కరెంటు టూత్‌బ్రష్ ఆనిస్తారు, అదీ తుమ్మెద పనే.

పురుగుల్లో కాయ తొలిచేది శనగపచ్చ పురుగు. దాన్ని పక్కదారి పట్టించడానికి బంతిని ఎర పంటగా వేస్తారు. హెసరఘట్ట శాస్త్రజ్ఞులు పొలానికి చెప్పిన లెక్క 16 వరసల టమాటకు ఒక వరస బంతి. బంతినారు 45 రోజులది, టమాటనారు 25 రోజులది ఒకేసారి నాటితే రెండూ కలిసి పూతకొస్తాయి, తల్లి రెక్కపురుగు బంతి మొగ్గల వైపు పోతుంది. మిద్దె మీద ఓ డబ్బాలో బంతి ఉంటే చాలు, పండగ గుమ్మాలకు పూలూ దొరుకుతాయి. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు, వేపనూనె. ఇంకో జాగ్రత్త చాలామందికి తెలియదు. చుట్ట, బీడీ, ఖైనీ అలవాటున్నవాళ్లు చేతులు సబ్బుతో కడుక్కుని గానీ మొక్కను ముట్టకూడదు. పొగాకు, టమాట ఒకే కుటుంబానివి, పొగాకు మొజాయిక్ వైరస్ ఎండు పొగాకులో కూడా బతికే ఉండి వేళ్ల ద్వారా అంటుకుంటుంది.

ఇక కోత. నాలుగు నెలల శ్రమ రుచిగా మారేదీ, వృథా అయ్యేదీ ఇక్కడే.

ఒకరోజు కాయ ముదురుపచ్చ పోయి తెల్లబారుతుంది. ఆ తర్వాత రెండు మూడు రోజులకు అడుగున, పువ్వు మచ్చ చుట్టూ, గులాబీ పసుపు కలిసిన ఒక మరక కనిపిస్తుంది. దీన్నే రంగు తిరగడం అంటారు. పక్వానికి తెచ్చే ఇథిలీన్ వాయువును కాయ అప్పటికే సొంతంగా తయారుచేసుకుంటూ ఉంటుంది, ఇక చెట్టున ఉన్నా, బల్ల మీద ఉన్నా పండుతుంది. పూర్తిగా చెట్టునే పండితే రుచి ఎక్కువ, అందులో వాదన లేదు. కానీ మిద్దె మీదికి ఉడతలు వస్తాయి, పికిలి పిట్టలు వస్తాయి, తెలంగాణ పల్లెల్లో అయితే కోతుల మంద ఒక్క పూటలో తోటంతా తేల్చేస్తుంది. ఎర్రటి పండు చూసి రేపు కోద్దామని వదిలేసినవాళ్లకు మర్నాడు తొడిమ మిగులుతుంది. దోరగా ఉండగా కోసి, వంటింట్లో నీడన, తొడిమ కిందకు ఉండేలా పరిస్తే మూడు నాలుగు రోజుల్లో ఎర్రబడుతుంది. కిటికీలో ఎండ తగిలేలా పెట్టక్కర్లేదు, పండడానికి వెలుతురు అవసరం లేదు. తొందరైతే ఒక అరటిపండును పక్కన పెడితే సరి.

కోసే తీరూ ఉంది. కాయను పట్టి లాగితే గుత్తంతా, ఒక్కోసారి కొమ్మే, ఊడివస్తుంది. కాడ మీద మోకాలిలా ఒక కణుపు ఉంటుంది. బొటనవేలు దాని మీద ఆనించి కాయను పైకి లేపితే టక్కున విడిపోతుంది, ముచ్చికతో సహా చేతిలోకి వస్తుంది. ముచ్చిక ఉన్న పండు నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది.

మార్చి నెల నుంచి ఇంకో చిక్కు. కాయలు ఎర్రబడవు, నారింజరంగు దగ్గరే ఆగిపోతాయి. ఎరుపునిచ్చే లైకోపీన్ 20, 25 డిగ్రీల మధ్య బాగా తయారవుతుంది, 30 దాటితే తగ్గిపోతుంది. పసుపునిచ్చే కెరోటిన్‌కు ఆ అడ్డంకి లేదు. ఎండాకాలంలో దోరకాయ కోసి ఇంట్లో చల్లటి మూల పెడితే చెట్టున ఉన్నదాని కంటే ఎర్రగా పండుతుంది.

ఇంత చేసి పండును ఫ్రిజ్‌లో పెడితే సగం శ్రమ అక్కడే పోయినట్టు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో డెనీజ్ టీమన్, హ్యారీ క్లీ బృందం 2016లో పండిన టమాటలను 5 డిగ్రీల చలిలో ఏడు రోజులు ఉంచి చూసింది. తీపి, పులుపు పెద్దగా మారలేదు, వాసన పదార్థాలు మాత్రం బాగా పడిపోయాయి. బయటకు తీసి ఒక రోజు ఉంచినా పూర్తిగా తిరిగి రాలేదు. వాసనను తయారుచేసే జన్యువులను చలి అణిచేస్తుందని వాళ్లు తేల్చారు. చితికేలా ఉన్న పండును ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు, మిగతావి గంపలోనే ఉండాలి.

సంక్రాంతికి గంప నిండుతుంది. పప్పు, చారు, పచ్చడి, మళ్లీ పప్పు అయ్యాక, ఇరుగుపొరుగుకు పంచాక, మిగిలినవి ఊరగాయకు. పండ్లు తుడిచి, తడి లేకుండా ఆరబెట్టి, ముక్కలు కోసి, ఉప్పు, పసుపు కలిపి జాడీలో ఊరేస్తారు. మూడో రోజు ముక్కలు పిండి ఎండలో పరిచి, ఆ రసంలో చింతపండు నానేస్తారు. ముక్క వంగేలా ఎండాక రెండూ కలిపి రుబ్బి, కారం, మెంతిపిండి వేసి, ఆవాలు ఇంగువ తాలింపు పెడతారు. పల్చటి తోలు, పుల్లటి రసం ఉన్న పెరటి పండుకే ఈ పచ్చడి కుదురుతుంది. గట్టి హైబ్రిడ్ కాయలో పిండడానికి రసం ఎక్కడిది?

అమెరికాలో న్యూజెర్సీ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాల పెరటి కేలండర్ మన సంక్రాంతి లెక్కకు తలకిందులు. ఆ రాష్ట్రానికి టమాట కొత్త కాదు, అక్కడి రట్గర్స్ విశ్వవిద్యాలయం 1934లో విడుదల చేసిన రట్గర్స్ రకం ఒకప్పుడు డబ్బాల పరిశ్రమనే ఏలింది. అక్కడ మంచు పోయాక మే నెలలో నాటితే ఆగస్టులో కాపు. అక్టోబరులో మొదటి మంచు పడుతుందని వాతావరణ వార్త రాగానే చెట్టున ఉన్న పచ్చికాయలన్నీ ఒక్క సాయంత్రం కోసేయాలి, లేకపోతే తెల్లారేసరికి నల్లగా మెత్తబడతాయి. తెల్లబారినవి కాగితంలో చుట్టి పెడితే నెమ్మదిగా పండుతాయి. మరీ లేతవి పండవు. అలాంటివి పోగుపడితే ఏం చేయాలో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా, పచ్చిమిర్చి, నువ్వులు వేసి పచ్చిటమాట పచ్చడి చేసుకుంటారు.

హైబ్రిడ్ కాని రకమైతే గింజ దాచుకోవచ్చు. మంచి మొక్క నుంచి, రెండో గుత్తిలోనో మూడో గుత్తిలోనో బాగా పండిన కాయ కోసి, గింజలను జిగురుతో సహా గ్లాసులో కొంచెం నీళ్లలో వేసి రెండు మూడు రోజులు పులియనివ్వాలి. పైన తెల్లటి బూజు తెట్టు కడుతుంది, వాసన బాగుండదు, అలాగే ఉండాలి. గింజ చుట్టూ ఉన్న ఆ జిగురు పండు లోపలే మొలవకుండా ఆపేది, పులిసి అది పోతే గింజ చురుగ్గా మొలుస్తుంది. గాలపాగస్ దీవుల్లోని అడవి టమాట గింజలైతే మామూలుగా మొలవనే మొలవవు. టమాట శాస్త్రంలో పెద్ద పేరైన చార్లెస్ రిక్, బౌమన్ అనే సహచరుడితో కలిసి 1961లో దాని సంగతి రాశాడు. ఆ దీవుల పెద్ద తాబేళ్ల కడుపులోంచి వారాల తరబడి ప్రయాణించి బయటపడ్డ గింజలు చక్కగా మొలిచాయట. మన రకాలకు గ్లాసు చాలు. అడుగున దిగిన గింజలు కడిగి, పళ్లెంలో పలచగా పోసి, నీడన ఆరబెట్టి, కాగితం పొట్లంలో రకం పేరు, ఏడాది రాసి డబ్బాలో పెడితే నాలుగేళ్లు మొలుస్తాయి. గుడ్డ మీద ఆరబెడితే అంటుకుపోతాయి.

మార్చి చివర మొక్క పీకేటప్పుడు వేళ్లు ఒకసారి చూడాలి. ఉబ్బి బొడిపెలు కట్టి ఉంటే నులిపురుగులు చేరాయని గుర్తు. ఆ మట్టిని వేసవి ఎండలో పలచగా పరిచి, తడిపి, పాలిథిన్ పట్టా కప్పి నెలన్నర ఉంచాలి. ముడత వైరస్ తగిలిన మొక్కలను కంపోస్టులో వేసినా, పట్టుకుపోయి బయట పారేసినా, వాటి మీది తెల్లదోమను ముందు వేపనూనెతో వదిలించుకోవాలి. వేళ్లు శుభ్రంగా ఉన్న కుండీలో తోటకూరో గోంగూరో వేసుకోవచ్చు. వంగ, మిరప మాత్రం ఆ మట్టిలో ఈ ఏడాదికి వద్దు, అవీ ఈ కుటుంబానివే, టమాటకు వచ్చిన తెగుళ్లు వాటికీ వస్తాయి.